శోధ్‌గంగ రివ్యూ: మన జిల్లాల మీద జరిగిన పరిశోధన పైసా ఖర్చు లేకుండా ఫోన్‌లోనే చదవొచ్చు

నేను నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను. పోయినేడు ఎనిమిదో తరగతిలో భూగర్భ జలాల గురించి చెప్తుంటే ఒక అమ్మాయి లేచి, "సార్, మన బోరింగు నీళ్లల్లనే ఎందుకు సార్ ఫ్లోరైడు? మా అమ్మమ్మోళ్ల ఊర్ల లేదు గదా" అని అడిగింది. "మన భూమిలనే ఉంది బిడ్డా" అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వెతుకుతూ వెతుకుతూ శోధ్‌గంగలో పడ్డాను. ఏడాది నుంచి దాన్ని వదల్లేదు. హోటళ్లకు, ఫోన్లకు, బట్టల షాపులకు అందరం రివ్యూలు రాస్తాం, దీనికి మాత్రం మన దగ్గర ఎవరూ రాసినట్టు కనపడలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

తెలియనివాళ్లకు ముందుగా ఒక మాట. మన దేశంలో యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేసినవాళ్లు రాసే థీసిస్‌లన్నీ ఒక్కచోట పెట్టే వెబ్‌సైట్ ఇది. గుజరాత్ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సెంటర్ నడుపుతుంది. థీసిస్ కాపీ కంప్యూటర్ రూపంలో కూడా ఇవ్వాలని 2009లో యూజీసీ రూలు పెట్టిన తర్వాత ఇది పెరుగుతూ వచ్చింది, ఇప్పుడు అందులో ఐదు లక్షలకు పైగా థీసిస్‌లున్నాయి. ఫీజు లేదు. యూనివర్సిటీ పేరు మీద నొక్కితే డిపార్ట్‌మెంట్లు వస్తాయి, డిపార్ట్‌మెంట్ మీద నొక్కితే థీసిస్‌లు, థీసిస్ మీద నొక్కితే చాప్టర్ల వారీగా విడివిడి పీడీఎఫ్‌లు. ఇంకా నడుస్తున్న పరిశోధనల సినాప్సిస్‌ల కోసం శోధ్‌గంగోత్రి అని వేరే ఉంది, దాన్ని నేను ఎక్కువగా వాడలేదు.

నేను ఎక్కువ తిరిగింది ఉస్మానియా విభాగంలో. ఎందుకంటే నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి, అంతకుముందు మన పిల్లలు పెద్ద చదువంటే ఉస్మానియాకే పోయేవాళ్లు, మన ఊళ్ల మీద రాసిన పాత పనిలో ఎక్కువ భాగం అక్కడిదే. 1918లో పెట్టిన యూనివర్సిటీ కదా, డిపార్ట్‌మెంట్ల వరుస చూస్తూ కిందికి పోతుంటేనే కళ్లు తిరుగుతాయి. జియాలజీ, జియోకెమిస్ట్రీ, బాటనీ, జెనెటిక్స్, ఫార్మసీ, లా, జర్నలిజం, తెలుగు, ఉర్దూ, పర్షియన్, సంస్కృతం, భాషాశాస్త్రం... ఒక సర్కారు యూనివర్సిటీ అంటే మనకు గుర్తొచ్చేది పరీక్షలు, ఫలితాలు, ధర్నాలు. లోపల ఇంతమంది ఇన్నేళ్లు కూర్చుని ఇన్ని రకాల పని చేశారని నేను అదే యూనివర్సిటీలో డిగ్రీ తీసుకుని కూడా గమనించలేదు.

ఖగోళశాస్త్రం దగ్గర ఆగిపోయాను. ఇబ్రహీంపట్నం అవతల జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల అబ్జర్వేటరీ ఉంది, 48 అంగుళాల టెలిస్కోపు అక్కడిది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు శాస్త్రవేత్తలు అక్కడి నుంచే పరిశీలించారు. మా నాయన ఆ గ్రహణం గురించి ఎన్నోసార్లు చెప్పాడు, పట్టపగలు చీకటైతే కోళ్లు గంపల్లోకి పోయాయని. కానీ మన పక్కనే కూర్చుని రాత్రుళ్లు జంట నక్షత్రాలు ఒకదాన్ని ఒకటి మరుగుపరుచుకోవడాన్ని లెక్కపెట్టి వాటి మీద పీహెచ్‌డీలు చేసినవాళ్లున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆ థీసిస్‌లలో లెక్కలు నాకు అర్థం కాలేదు. అయినా పిల్లలకు ఆ అబ్జర్వేటరీ ఫొటో చూపించి, ఇది మన దిక్కుదే అని చెప్పగలిగాను.

ఇక ఫ్లోరైడ్ సంగతి. ఇక్కడే ఈ సైట్ విలువ ఏంటో నాకు తెలిసింది. ఒకే విషయం మీద ఒక్కో డిపార్ట్‌మెంట్ ఒక్కో తీరుగా పనిచేసింది. జియాలజీ, జియోకెమిస్ట్రీ వాళ్లు రాళ్ల నుంచి మొదలుపెడతారు. మన కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాళ్లు. వాటిలోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిచి ఉంటే అది మెల్లమెల్లగా నీళ్లలోకి దిగుతుంది. మరి రాయి ఒకటే అయినప్పుడు ఊరికీ ఊరికీ తేడా ఎందుకు? నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని గట్టిపదార్థంగా మార్చేస్తుంది, కాల్షియం తక్కువై సోడియం, బైకార్బనేట్ ఎక్కువుంటే ఫ్లోరైడ్ నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. చెరువు నిండి ఊట బాగా దిగే చోట ఒక లెక్క, వానలు లేక బోర్లు లోతుకు పోయిన చోట ఒక లెక్క. ఒకే ఊర్లో రెండు బోరింగుల నీళ్లు రెండు రకాలుగా ఉండొచ్చు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మా చిన్నప్పుడు ఊళ్లో "ఆ బావి నీళ్లు తియ్యగుంటయి, ఈ బోరింగు నీళ్లు తాగితే కాళ్లు పడతయి" అని ముసలోళ్లు అనేవాళ్లు, దాన్ని మేం నమ్మకం అనుకున్నాం. వాళ్లు చూసి చెప్పిన మాటే అది.

కెమిస్ట్రీ వాళ్లు నీళ్లలోంచి దాన్ని తీయడం ఎట్లా అని చూస్తారు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేర్చి, వడపోయడం. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి మాట్లాడినా ఈ పేరు వస్తుంది. మన ఊరి పేరు ఒక బాధతో కలిసి ప్రపంచానికి తెలిసిందని బాధపడాలో, ఆ బాధకు ఒక మందు పేరు అయిందని సంతోషపడాలో చెప్పలేను. అడుగున మిగిలే బురదను ఏం చేయాలి, పటిక ఎక్కువైతే నీళ్లలో మిగిలే అల్యూమినియం సంగతేంటి, రోజూ ఇంట్లో ఆడవాళ్లు ఇంత పని చేయగలరా అన్న ప్రశ్నల మీద కూడా పరిశోధకులు పనిచేశారు. కాచితే ఫ్లోరైడ్ పోతుందని మా స్కూల్లో సగం మంది టీచర్లు అనుకునేవాళ్లు. పోదు. నీళ్లు ఆవిరైపోయి మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

థీసిస్‌లలో చివర ఉండే బిబ్లియోగ్రఫీ ఫైల్‌ను, అంటే వాళ్లు చదివిన పుస్తకాల, వ్యాసాల జాబితాను మాత్రం అస్సలు వదలొద్దు. ఒక థీసిస్ చివరి పేజీల్లో వెతుకుతుంటే 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ అనే ఆయన నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు మీద రాసిన వ్యాసం కనిపించింది. 1955! అప్పటికి ఆంధ్రప్రదేశే పుట్టలేదు, మనం హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించొద్దని మనం ఇప్పుడు పిల్లలకు పాఠంగా చెప్తున్నాం కదా, అంతకంటే ఎంతో ముందే మనవాళ్ల వంగిన నడుముల గురించి లండన్ పత్రికలో అచ్చయింది. అట్లనే 1970లలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నాగార్జునసాగర్ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి రాసింది కూడా ఈ దారిలోనే దొరికింది. డ్యాం వచ్చాక భూమిలో నీటిమట్టం పెరిగి, జొన్నల్లోకి చేరే ఖనిజాలు మారి, దానికీ ఫ్లోరైడ్‌కూ కలిసి ఎముకల మీద ఏం జరుగుతుందో వాళ్లు చూశారు. అంటే తాగే నీళ్లొక్కటే కాదు, తినే తిండి కూడా ఇందులో ఉంది. ఇదంతా యాభై, డెబ్బై ఏళ్లుగా కాగితాల మీద ఉంది, మా ఊళ్లో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పాలి. మా చిన్నప్పుడు ఎవరో జీపులో వచ్చి మా వాడకట్టు బోరింగు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. మా పెద్దమ్మ అప్పటికే మెడ తిప్పలేకపోయేది, ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. ఆమె ఆ వచ్చినవాళ్లకు చాయ్ పోసి, "మా నీళ్లల్ల ఏముందో చెప్పిపోండి నాయనా" అన్నది. మళ్లీ ఎవరూ రాలేదు. వాళ్లు ఏ యూనివర్సిటీయో, ఏ ఆఫీసో నాకు తెలియదు, ఇప్పుడు తెలుసుకోవాలని కూడా లేదు. కానీ ఒక థీసిస్ పట్టికలో మా పక్క ఊరి పేరు, బోరింగు అని, పక్కన లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూసినప్పుడు ఆ సీసాలే గుర్తొచ్చాయి. పెద్దమ్మకు చూపించాను. "మా పేర్లున్నయా అండ్ల?" అని అడిగింది. "మనుషుల పేర్లు రాయరు పెద్దమ్మా, బోరింగు నంబరు రాస్తరు" అన్నాను. ఇప్పుడు ఇంటింటికీ నల్లా కృష్ణ నీళ్లు వస్తున్నాయి, ఆ బోరింగు తాగటానికి ఎవరూ కొట్టట్లేదు. ఆ అంకె మాకు అప్పుడు కావాల్సింది.

ఫ్లోరైడ్ పక్కన పెడితే, నేను పాలమూరు వలస మీద చాలా చదివాను, మా మామగారి ఊరు అటువైపే. ఎకనామిక్స్, సోషియాలజీ, జాగ్రఫీ వాళ్లందరూ దీని మీద పనిచేశారు. మేస్త్రీ అడ్వాన్సు ఇవ్వడం, మొగుడూ పెళ్లాం జంటగా పోవడం, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలిపెట్టడం, దేశమంతా డ్యాములు, కాలువలు తవ్వి పాలమూరు లేబర్ అనే పేరు తెచ్చుకోవడం, ఇవన్నీ మనకు తెలిసినవే. తెలియనిది ఏంటంటే ఆ అడ్వాన్సు ఎట్లా తీరదో, ఎన్ని రోజుల కూలీ ఎవరి చేతిలోకి పోతుందో లెక్కగా చూపించడం. థీసిస్ చివర అనుబంధంలో వాళ్లు ఇంటింటికీ తిరిగి అడిగిన ప్రశ్నల పట్టిక ఉంటుంది. దాన్ని మా తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగు చేసి ఇచ్చాను, వాళ్లు తమ వాడలోనే ఇరవై ఇళ్లు తిరిగి అడిగి రాసుకొచ్చారు. ఏ ప్రాజెక్ట్ వర్క్ కూడా వాళ్లు అంత ఇష్టంగా చేయడం నేను చూడలేదు.

వ్యవసాయం గురించి వెతికేవాళ్లకు ఒక మాట. వ్యవసాయ యూనివర్సిటీల థీసిస్‌లు ఎక్కువగా కృషికోశ్ అనే ఇంకో సైట్‌లో ఉంటాయి, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్లది. ఆముదం మీద చూడాలంటే అక్కడికి పోండి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ఉన్న పరిశోధన స్థానం నుంచే పీసీహెచ్ 111, పీసీహెచ్ 222 ఆముదం హైబ్రిడ్లు వచ్చాయి, అందులో 'పీ' అంటే పాలెమే. సెప్టెంబర్, అక్టోబర్ ముసురుకు గెలలకు పట్టే బూజు తెగులు ఏ వాతావరణంలో ఎట్లా పాకుతుందో చదివి మా బావకు చెప్తే, "ఇది తెలిసుంటే విత్తే టైం మార్చుకునేటోన్ని గదా" అన్నాడు. ఉస్మానియా బాటనీ, జెనెటిక్స్ వాళ్లు కూడా ఆముదం మీద పనిచేశారు, కానీ అది ల్యాబ్ పని, రైతుకు నేరుగా పనికొచ్చేది కృషికోశ్‌లోనే ఎక్కువ.

చరిత్ర, తెలుగు డిపార్ట్‌మెంట్లలో దొరికేవాటిని ఒక్కొక్కటి చెప్పాలంటే ఈ రివ్యూ చాలదు. అలంపురం గుళ్లు, సాగర్‌లో మునిగిపోయిన ఏలేశ్వరం, ఫణిగిరి బౌద్ధ క్షేత్రం, సాయుధ పోరాటం, 1951లో పోచంపల్లిలో మొదలైన భూదానం, దేవరకొండ తండాల లంబాడీ భాష, నల్లమల చెంచులు, జాతర పాటలు. లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వకాల గురించి గొడవ వచ్చినప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్‌లు తప్ప నేను ఏదీ చదవలేదు, ఇప్పుడు అక్కడి రాళ్ల గురించి, నీళ్ల గురించి జియాలజీ వాళ్లు రాసింది చదివితే ఏ మాట నమ్మాలో కొంచెం తెలుస్తోంది.

సైట్ వాడటంలో కష్టాలు లేవా అంటే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఊరి పేర్ల స్పెల్లింగ్. మహబూబ్‌నగర్‌ను ఒకరు మధ్యలో రెండు 'ఓ'లు పెట్టి రాస్తారు, ఒకరు 'యూ' పెడతారు, ఒకరు 'హెచ్' తర్వాత 'ఏ' పెడతారు, ఒకరు పెట్టరు. దేవరకొండకూ ఇదే బాధ. ఒక స్పెల్లింగ్‌తో కొడితే ఏమీ రాలేదని వదిలేయకండి, నాలుగు రకాలుగా కొట్టండి. జిల్లాలు 2016 అక్టోబర్‌లో విడిపోయాయి, నారాయణపేట 2019లో అయింది, కాబట్టి పాత పనంతా పాత జిల్లా పేరు మీదే ఉంటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కావాలన్నా మహబూబ్‌నగర్ అనే వెతకాలి, సూర్యాపేట, భువనగిరి కావాలంటే నల్గొండ అని. పాత థీసిస్‌లు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు, అందులో ఒక మాట కోసం వెతకడం కుదరదు, పేజీలు తిప్పుకోవాల్సిందే. తెలుగులో రాసిన థీసిస్‌ల పేర్లు కూడా చాలాసార్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించి ఉంటాయి. చాప్టర్లు విడివిడిగా ఉండటం మొదట్లో విసుగనిపించింది కానీ మా దగ్గర సిగ్నల్ తక్కువ, పెద్ద ఫైల్ ఒకేసారి దిగదు, అందుకని ఇదే నయం అనిపించింది.

ఇంకొకటి, అన్నీ మంచివని చెప్పను. పది థీసిస్‌లు తెరిస్తే ఒక మూడు నాలుగు మనసు పెట్టి చేసినవి ఉంటాయి. కొన్నిటిలో మొదటి వంద పేజీలు వేరేవాళ్ల మాటలే, ఇద్దరి థీసిస్‌లలో జిల్లా గురించి రాసిన చాప్టర్ ఒకేలా ఉండటం కూడా చూశాను. అవి ఏ యూనివర్సిటీవో ఇక్కడ చెప్పడం పద్ధతి కాదు. నేను చదివే వరుస ఏంటంటే, ముందు చివరి చాప్టర్, అంటే సారాంశం. అందులో కొత్త సంగతి ఒకటన్నా లేకపోతే అక్కడితో వదిలేస్తాను. ఉంటే స్టడీ ఏరియా చాప్టర్‌కు పోతాను. టీచర్లకు నేను గట్టిగా చెప్పేది ఈ చాప్టర్ గురించే. ఒక మండలం నేల ఎట్లాంటిది, రాయి ఎట్లాంటిది, వాన ఎంత, వాగు ఎటు పారుతుంది, చెరువులెన్ని, పంటలేంటి అని మ్యాపులతో సహా ఒక్కచోట ఉంటుంది. మన మండలం గురించి పిల్లలకు చెప్పటానికి ఇంతకంటే మంచి సామాను నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఈ సైట్ లేకముందు ఎట్లుండేదో కూడా తెలిస్తేనే దీని విలువ తెలుస్తుంది. చాలా ఏళ్ల కింద ఒక పెద్ద లైబ్రరీకి పోయి, ఫలానా విషయం మీద థీసిస్ చూడాలని అడిగితే, స్కాలర్ కార్డు లేదని కౌంటర్ దగ్గరే ఆపేశారు. బడి టీచర్‌ను అని చెప్పాను, మా ఊరి గురించే రాసింది సార్ అని చెప్పాను. రూల్ ఒప్పుకోదన్నారు. బస్సెక్కి తిరిగొచ్చాను. ఇప్పుడు అదే రకం పుస్తకం మా పిల్లలు మధ్యాహ్న భోజనం తర్వాత వేపచెట్టు కింద కూర్చుని నా ఫోన్‌లో చూస్తున్నారు.

మార్కులు ఇవ్వాలంటే ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు సైట్ నడిపేవాళ్ల తప్పుకు కాదు, మన యూనివర్సిటీల్లో రాసే పద్ధతికి. సైన్స్ థీసిస్‌లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఉస్మానియా మొదలైనప్పుడు పెద్ద చదువు కూడా ఇక్కడి భాషలో చెప్పాలని ఉర్దూ మీడియంలో పెట్టారు, పుస్తకాలు తర్జుమా చేయటానికే ప్రత్యేకంగా ఒక శాఖ ఉండేది. వందేళ్ల కింద ఆ ఆలోచన ఉన్నప్పుడు ఇప్పుడు ప్రతి థీసిస్‌కు తెలుగులో రెండు పేజీల సారాంశం రాయించడం ఎంత పని? మా బోరింగు నీళ్ల గురించి రాసింది మా సర్పంచ్ చదవగలగాలి కదా. ఐదేళ్లు ఎండలో తిరిగి సీసాలు నింపిన పరిశోధకునికి ఆ రెండు పేజీలు బరువు కావు.

అది వచ్చేదాకా మేమే చేస్తున్నాం. ప్రతి శనివారం ఒక థీసిస్ సారాంశం నేను చదివి చెప్తాను, పిల్లలు తెలుగులో ఒక పేజీ రాస్తారు, అది స్కూలు గోడకు అంటిస్తాం. మొదటి పేజీ ఫ్లోరైడ్ గురించే, ఆ ప్రశ్న అడిగిన అమ్మాయే రాసింది. రాళ్ల బొమ్మ వేసి, పగుళ్లలో నీళ్లు నీలం రంగు వేసి, పక్కన కాల్షియం సంగతి తన మాటల్లో రాసింది. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. మీ మండలం మీద మంచి థీసిస్ ఏదన్నా మీ కంట పడితే కింద రాయండి, ముఖ్యంగా డిండి వాగు మీద, మునుగోడు, చండూరు వైపు చేనేత మీద. వచ్చే శనివారానికి ఇంకా ఏదీ దొరకలేదు.